గోడ నీడన నందివర్ధనం



హైదరాబాదుకు పడమటి దిక్కున ఉన్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అనగానే ఇప్పుడు అందరికీ జ్ఞాపకం వచ్చేది కంప్యూటరు కంపెనీలే. అక్కడి అద్దాల మేడల మధ్య పూలమొక్కల మాట ఏమిటని మీరు అడగవచ్చు. మాట ఉన్నది. ఆ మేడల మొదళ్లలో, రెండు మేడల నడిమి సందుల్లో, మెట్రో రైలు వంతెన కింద, సెల్లారు కప్పుల మీద ఎండ సరిగా పడని జాగా చాలా తయారైంది. ఆ జాగాలో ఏడాది పొడుగునా ఆకు రాల్చకుండా, పూవు మానకుండా ఉండే పొద ఏదని తోట వేయించేవారు అడుగుతున్నారు. దానికి జవాబు మన పెరళ్లలోనే ఉన్నది. అది నందివర్ధనం. ఐతే ఆ పొద ఏ నీడకు అలవాటు పడిందో, ఎట్లా మన ఇళ్లకు చేరిందో తెలియకుండా నాటితే నాటినవారికీ నష్టమే, పెంచి అమ్మిన రైతుకూ చెడ్డపేరే. అందుకని ఈనాడు దాని చరిత్ర కొంత ముచ్చటించుకుందాం.

ముందు పేరు సంగతి. సంస్కృతంలో దీనిని నంద్యావర్తమంటారు. ఆవర్తమంటే సుడి. ఒంటిరెక్క పూవును చేతిలోకి తీసికొని చూడండి. అయిదు తెల్లని రెక్కలు, అన్నీ ఒకే వైపుకు తిరిగి, గాలికి తిరిగే కాగితపు చక్రంలాగా ఉంటాయి. నంద్యావర్తమనేది ఒక మంగళచిహ్నం కూడాను. జైనులలో శ్వేతాంబరులు పద్దెనిమిదవ తీర్థంకరుడైన అరనాథుని గుర్తుగా దానిని చెక్కుతారు. తమిళులు నందియావట్టై అన్నారు, మలయాళులు నంత్యార్‌వట్టం అన్నారు, కన్నడిగులు నందిబట్టలు అన్నారు. మన నోటిలో అది నందివర్ధనమైంది. శివునికి తెల్లపూవు ప్రీతి గనుక నంది పేరు వినపడగానే మనవాళ్లకు కైలాసం జ్ఞాపకం వచ్చి ఉంటుంది! హైదరాబాదు నర్సరీలలో ఐతే చాందిని అని అడగండి, వెంటనే చూపిస్తారు. అంటే వెన్నెల అన్నమాట. చీకటిపడ్డాక ఒంటిరెక్క పూవు దగ్గర నిలబడి కాస్త వాసన చూచినవారికి ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పనక్కరలేదు.

పాత ఇళ్లలో దీని స్థానం ఎక్కడ? ముంగిట ఎండలో కాదు. పెరట్లో బాయి పక్కన, స్నానాలనీళ్లు పారే జాలారు దగ్గర, వేప నీడనో మామిడి నీడనో ఉండేది. అక్కడ పొద్దున రెండు మూడు గంటలు ఏటవాలు ఎండ తగులుతుంది, మిగిలిన పూట చల్లగా ఉంటుంది, నీళ్లకు వేరే శ్రమ లేదు. పాలుకారే చెట్టు గనుక మేకలు, పశువులు అంతగా ముట్టవు. కంచె అవసరం లేదు. ఇంటి ఆడవాళ్లు తెల్లవారుజామున దేవునికి గుప్పెడు పూలు కోసుకునేవారు. పక్కనే కనకాంబరం ఉండేది. అదీ నీడకు ఓర్చేదే, అదీ ఆకురాల్చనిదే. దాని ఎండుకాయ మీద వానచినుకు పడితే టప్పున పగిలి గింజలు దూరంగా పడతాయి, అట్లా తన సంసారం తానే పెంచుకుంటుంది. నందివర్ధనానికి ఆ సామర్థ్యం లేదు. ఎందుకు లేదో తరువాత చెబుతాను, ఈ కథలో అసలు కీలకం అదే.

మన పెరటి చెట్టు పుస్తకాలకెక్కింది మలబారు తీరంలో. కొచ్చిన్‌లో డచ్చివారి గవర్నరుగా ఉన్న హెండ్రిక్ వాన్ రీడ్ అక్కడి మొక్కలన్నిటినీ బొమ్మలతో సహా రాయించాడు. ఆ గ్రంథం హోర్తుస్ మలబారికుస్ అనే పేరుతో 1678 నుంచి 1693 వరకు 12 సంపుటాలుగా ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. మొక్కల పేర్లు, గుణాలు చెప్పినవారిలో ఇట్టి అచ్యుదన్ అనే ఈళవ వైద్యుడు ముఖ్యుడు. రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అనే కొంకణి బ్రాహ్మణ వైద్యులు కూడా ఉన్నారు. దొర పేరు పుస్తకం మీద ఉన్నది గాని చెట్టు తెలిసినది వీరికి. మన నందివర్ధనం అందులో దాదాపు మలయాళ నామంతోనే కనపడుతుంది.

తరువాత 1753లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు దీనిని గన్నేరు జాతిలో చేర్చాడు. రెండింటికీ పాలు ఉన్నవి, రెక్కల మెలిక ఉన్నది, అందుకని కాబోలు. 1819 నాటికి ఇది గన్నేరు కాదు, వేరే జాతి అని తేల్చి టాబెర్నేమోంటానా అనే జాతిలోకి మార్చారు. బెర్గ్‌జాబెర్న్ అనే జర్మను ఊరికి చెందిన 16వ శతాబ్దపు మూలికా వైద్యుని గౌరవార్థం పెట్టిన పేరది. ఊరి పేరును లాటినులోకి తిప్పితే అట్లా అయింది. బాయిగడ్డ మీది చెట్టుకు ఇంత దూరపు పేరు! ఐతే లిన్నేయసు చెప్పిన చుట్టరికం పూర్తిగా అబద్ధం కాదు. గన్నేరు, నందివర్ధనం ఒకే కుటుంబంలోనివే. ఆ సంగతి ఒక పచ్చపురుగుకు శాస్త్రజ్ఞులకంటె ముందే తెలుసు. గన్నేరు మీద బతికే పెద్ద రెక్కలపురుగు ఒకటి ఉన్నది. దాని పిల్లపురుగు వేలంత లావున, తోక దగ్గర చిన్న కొమ్ముతో, తల వెనుక రెండు నీలి కన్నుల మచ్చలతో ఉంటుంది. గన్నేరు దొరకకపోతే అది వెతుక్కుంటూ వచ్చేది నందివర్ధనం దగ్గరికే. రాత్రికి రాత్రి కొమ్మను ఆకులేకుండా చేస్తుంది. ఇళ్లలో ఐతే చేతితో ఏరివేస్తే చాలు, మందు అక్కరలేదు.

ఇక కీలకమన్నానే, ఆ సంగతి. నందివర్ధనంలో ఒంటిరెక్కది, ముద్దపూవుది అని రెండు ప్రధానంగా ఉన్నవి. ఒంటిరెక్క దానికి అప్పుడప్పుడు జంటకాయలు కాస్తాయి, పగిలితే లోపల ఎర్రని కండ ఉంటుంది, పక్షులు తింటాయి. ముద్దపూవుది సాధారణంగా కాయ కట్టదు. గింజ లేని చెట్టు ఊరినుంచి ఊరికి ఎట్లా పోతుంది? మనిషి చేతిలో కొమ్మగా పోవలసిందే. అంటే ఇప్పుడు మన దేశంలో ఉన్న ముద్ద నందివర్ధనాలన్నీ ఎవరో ఒకరు ఎవరినో అడిగి, విరిచి తెచ్చి, తడిమట్టిలో గుచ్చిన కొమ్మలే. కూతురు అత్తవారింటికి వెళ్లేటప్పుడు సారెతో పాటు ఒక కొమ్మ, పూజారి మారినప్పుడు కొత్త గుడికి ఒక కొమ్మ, ఇరుగుపొరుగు ఇచ్చినది ఒక కొమ్మ. దీని చరిత్రకు శాసనాలు ఉండవు. ఒకచోట తల్లిచెట్టు కొట్టివేస్తే అప్పటిదాకా వచ్చిన ఆ వరుస అక్కడితో తెగిపోతుంది. ఈ మాట గుర్తుంచుకోండి.

హైదరాబాదు తోటల నగరమని పేరు తెచ్చుకున్నది ఇప్పుడు కాదు. 1591లో నగరం వెలసిన తరువాత భాగ్‌నగర్ అని కూడా పిలిచేవారు. 17వ శతాబ్దం మధ్యలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే, రాజప్రాసాదాల మిద్దెల మీద తోటలు చూచి ఆశ్చర్యపోయాడు. మిద్దె మీద పెద్ద పెద్ద చెట్లున్నవనీ, కింది కమానులు ఆ బరువును ఎట్లా మోస్తున్నాయో తెలియదనీ ఆయన రాశాడు. ఆయన యాత్రా గ్రంథం 1676లో అచ్చయింది. ఈనాడు గచ్చిబౌలి అపార్టుమెంట్లలో కార్లు పెట్టుకునే సెల్లారు కప్పుమీద తోట వేస్తున్నారు గదా, అది కొత్తది కాదన్నమాట. కుతుబ్‌షాహీల మేస్త్రీలకు వచ్చిన సమస్యే ఇప్పటి ఇంజనీరుకూ వచ్చింది. తడిమట్టి ఘనపుటడుగు 50 కిలోలకు పైనే తూగుతుంది. బరువు తగ్గించాలని మట్టి తగ్గిస్తారు, మట్టి తగ్గితే చెట్టు బతకదు. పెద్దచెట్టుకు లోతు చాలని ఆ చోట పొదలే గతి.

పాత నగరంలో జాంబాగ్, బషీర్‌బాగ్, రాంబాగ్ అని తోటల పేర్లు మిగిలినవి. పడమటి దిక్కు గ్రామాలకు మాత్రం అటువంటి వైభవం లేదు. అవి బండరాళ్ల మధ్య చెల్క నేలలు. జొన్న, ఆముదం, కంది వానమీద పండేవి. గుట్టల మీద సీతాఫలం దానంతట అదే కాసేది. దుర్గం చెరువు నీరు ఒకప్పుడు గోల్కొండ కోటకు పోయేదని చెబుతారు. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఏర్పడి గచ్చిబౌలి వైపు వచ్చింది. తరువాత 1998 నవంబరు 22న మాదాపూరులో సైబర్ టవర్స్ అనే గుండ్రని పది అంతస్తుల భవనాన్ని ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. అక్కడినుంచి ఊళ్ల రూపమే మారింది. 2019 మార్చిలో మెట్రో రైలు హైటెక్ సిటీకి, నవంబరులో రాయదుర్గానికి వచ్చింది. కొత్తగూడలో కోట్ల విజయభాస్కరరెడ్డి పేరిట వృక్షోద్యానం ఉండటం వల్ల పాత అడవి ముక్క ఒకటి నిలిచింది. పాత గ్రామకంఠాలు కూడా మేడల మధ్య అక్కడక్కడ మిగిలి ఉన్నవి. చిన్న గుడి, బొడ్రాయి, ఇరుకు సందు, ఆ సందులో ఎవరి గోడ వెనుకనో తెల్లగా పూచిన పొద. ఇల్లు పడగొట్టి నాలుగంతస్తులు వేసేవాడు మొదట కొట్టించేది ఆ పొదనే, ఏమంటే అది సరిగ్గా పునాది గీతమీద ఉంటుంది.

ఇప్పుడు నీడ సంగతికి వద్దాం. చెట్టునీడ వేరు, గోడనీడ వేరు. చెట్టునీడలో ఆకుల సందుల గుండా ఎండ చుక్కలు చుక్కలుగా రోజంతా దిగుతుంది, ఎండాకాలంలో కూడా అంతే. గోడనీడ అట్లా కాదు. అది ఋతువును బట్టి జరుగుతుంది. హైదరాబాదు సుమారు పదిహేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నది. డిసెంబరులో నడిమధ్యాహ్నం సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. 100 అడుగుల మేడ అప్పుడు ఉత్తరానికి సుమారు 86 అడుగుల దూరం నీడ వేస్తుంది. ఆ జాగా చూచి, "ఇక్కడ ఎప్పుడూ ఎండ రాదు" అనుకొని తోట వేస్తారు. మార్చి 21 దాటగానే సూర్యుడు తూర్పుకు ఉత్తరంగా పొడవటం మొదలు పెడతాడు. ఆ గోడకు పొద్దున, సాయంత్రం ఎండ తగులుతుంది. 2023లో మే 9న ఇక్కడ నడిమధ్యాహ్నం నీడే లేదు. ఏటా దాదాపు ఆ రోజులలోనే, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో, సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. ఈ రెంటి నడుమ ఆయన మధ్యాహ్నం కూడా ఉత్తరం వైపునే ఉంటాడు. అంటే చలికాలమంతా చీకటిలో పెరిగిన లేతాకు మీద రోహిణికార్తె ఎండ ఒక్కసారిగా పడుతుందన్నమాట. దానికి తోడు ఎదుటి మేడ అద్దాలనుంచి తిరిగి కొట్టే ఎండ. ఆకుల అంచులు మాడి, మధ్యలో గోధుమరంగు మచ్చలు పడితే తెగులని మందు కొడుతూ ఉంటారు. అది తెగులు కాదు, ఎండదెబ్బ.

కనుక ఉత్తరపు గోడకింద నాటదలచినవారు చలికాలంలో నాటవద్దు. మృగశిర దాటి వానలు పడ్డాక, జూన్, జూలై నెలల్లో నాటితే మొక్క ఉన్న వెలుతురులోనే చిగిరించి, మరుసటి ఎండాకాలానికి వేరు దిగి ఉంటుంది. మొదటి ఏడు మాత్రం ఏప్రిలు, మే నెలల్లో మధ్యాహ్నం పూట గోనెపట్టానో నీడవలనో అడ్డం కట్టండి. దక్షిణపు గోడకింద ఈ చిక్కు లేదు గాని అక్కడ చలికాలమంతా ఎండే గనుక అది నీడతోట కిందకు రాదు.

నీడ అంటే చీకటి కాదని కూడా చెప్పాలి. పొద్దున పది గంటలకు ఆ చోట తెల్లకాగితం పెట్టి, దాని పైన జానెడెత్తున చేయి పట్టండి. చేతి నీడ మసకగానైనా పడితే నందివర్ధనం బతుకుతుంది, పూస్తుంది. అసలు పడకపోతే బతకవచ్చును గాని కొమ్మలు సన్నగా సాగి, పూవు ఎక్కడో కొసన ఒకటి కనిపిస్తుంది. మెట్రో వంతెన నడిమి భాగం కింద ఇటువంటి చోట్లే ఎక్కువ. పైగా అక్కడ వాన కూడా పడదు. మన పెరటిలో నీడ ఉన్నచోట నీరు కూడా ఉండేది; వంతెన కింద నీడ ఉన్నది, నీరు లేదు. అక్కడ నీటి ఏర్పాటు లేకుండా ఏ పొదా నాటించవద్దని నా అభిప్రాయం. నీడ గదా, నీరు ఎందుకనుకొనే గుత్తేదారులున్నారు.

గోతి సంగతి. కొత్త భవనం పక్క మట్టి అని మీరు చూచేది చాలావరకు మొరం, సిమెంటు పెళ్ళలు, సున్నం. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గోతి తీసి, ఆ చెత్త అంతా బయటపోసి, ఎర్రమట్టి రెండుపాళ్లు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి నింపాలి. సెల్లారు కప్పు మీద ఐతే అడుగున నీరు పోయే దారి ముందు చూచుకోవాలి. రెండడుగుల మట్టి తగ్గకూడదు. పొదలుగా పెంచాలంటే మొక్కకూ మొక్కకూ అయిదడుగులు, దడిలాగా కావాలంటే మూడడుగులు. పొట్టి రకం చాందిని దడికి బాగుంటుంది. సున్నపు మట్టివల్ల, బోరు ఉప్పునీళ్లవల్ల లేతాకులు పసుపుపచ్చబారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది ఇనుపధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధితో రెండు మూడుసార్లు ఆకుల మీద పిచికారీ చేస్తే పచ్చదనం తిరిగి వస్తుంది. గాలి ఆడని నీడలో పిండినల్లి, దానివెంట మసితెగులు వస్తాయి. వేపనూనె 5 మిల్లీలీటర్లు లీటరు నీటిలో కాస్త సబ్బు కలిపి సాయంత్రం కొట్టండి. కొమ్మలు దగ్గరదగ్గరగా పెరిగితే లోపలివి కొన్ని తీసివేయండి, గాలి ఆడుతుంది.

ఒక హెచ్చరిక. కళ్ల మంటకు ఈ పూవు మంచిదని మన ఊళ్లలో ఒక వాడుక ఉన్నది. పూవును మూసిన రెప్పల మీద పెట్టుకుంటే పెట్టుకోండి గాని దీని పాలు గాని రసం గాని కంటిలో వేయవద్దు. ఈ చెట్టులో ఘాటైన మందు పదార్థాలు చాలా ఉన్నట్టు రసాయన శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. దీని పాత శాస్త్రీయ నామాన్ని బట్టే ఒక దానికి కొరొనారిడిన్ అని పేరు పెట్టారు. కత్తిరింపు చేసే కూలీలకు కూడా చేతులు కడుక్కోకుండా కళ్లు నులుముకోవద్దని చెప్పండి.

ఇక రైతుకు ఇందులో ఏమి ఉన్నది? ఇప్పుడు హైదరాబాదు తోటలకు మొక్కలు చాలావరకు గోదావరి ఒడ్డున ఉన్న కడియం నర్సరీలనుంచి లారీలలో వస్తున్నాయి. కడియం రైతుల పనితనాన్ని తక్కువ చేయటం లేదు; వారిని చూచి నేర్చుకోవలసింది ఎంతో ఉన్నది. ఐతే 400 కిలోమీటర్లు వచ్చిన మొక్కకు అలసట ఉంటుంది. బంకమట్టి ముద్దతో వచ్చిన మొక్కను మన గరుకు మొరంలో నాటితే, పోసిన నీరు ముద్ద పక్కనుంచి జారిపోతుంది, ముద్ద మధ్య పొడిగానే ఉంటుంది. తడిపాను గదా, ఎందుకు వాడింది అని యజమాని గోల. నాటే ముందు ముద్దను బకెట్టు నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచటం దీనికి మందు. చేవెళ్ల, మొయినాబాదు, శంకరపల్లి వైపు పూలు పండించే రైతులు ఈ చెల్క ఎర్రమట్టిలోనే, నీడవల కిందనే మొక్కను పెంచి ఇస్తే ఆ బెడద ఉండదు. మొక్క మొదటినుంచీ నీడలో పెరిగింది గనుక నీడలో నాటితే ఆకు రాల్చదు. పూవుకు కూడా గిరాకీ లేకపోలేదు. తమిళనాట దీని మొగ్గలను విచ్చకముందే కోసి దండలకు అమ్ముతారు. మన గుడిమల్కాపూరు పూల మార్కెట్టులో మల్లె, చామంతి, బంతి ముందు దీనికి అంత పేరు రాలేదు. పూవు కోసం పెట్టేవారు ముందు కొద్దిగా పెట్టి, బేరం చూచుకొని పెంచుకోండి.

మొక్కలు చేసే విధానం ఏమంత కష్టమైంది కాదు. తల్లిచెట్టు కోసం దూరం పోనక్కరలేదు. గ్రామకంఠాలలో పడగొట్టబోయే ఇళ్లు ఎక్కడున్నవో స్థానికంగా తెలుస్తూనే ఉంటుంది. ఆ ఇంటి అవ్వనో, అమ్మనో అడగండి, కాదనరు. ఆర్ద్రకార్తెలో, మబ్బుపట్టిన రోజున, పెన్సిలు లావున్న సగం ముదిరిన కొమ్మలను ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ముక్కలుగా కోయాలి. కింది ఆకులు తుంచి, కొసన రెండాకులు సగానికి కత్తిరించి ఉంచాలి. పాలు కారటం ఆగేదాకా కాసేపు నీళ్లలో నిలబెట్టి, తరువాత ఇసుక, ఎర్రమట్టి సమపాళ్లలో నింపిన సంచుల్లో మూడోవంతు లోపలికి దిగేటట్టు గుచ్చాలి. పైన నీడవల, పూటకు ఒకసారి చిలకరింపు. నెల నుంచి నెలన్నరలో వేరు పోస్తుంది. కొమ్మలు కోసేటప్పుడే ఒంటిరెక్క దానినీ, ముద్దదానినీ వేరు వేరు కట్టలుగా కట్టి, ఏ ఇంటి చెట్టునుంచి తెచ్చారో ఒక చీటీ మీద రాసి తగిలించండి. చిన్న మొక్కగా ఉన్నప్పుడు ఆకు చూచి ఏది ఏదో చెప్పటం కష్టం.